ఊఁ కొట్టే చోటు

అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆయనకి ఒకటుంది గానీ, కరెంటు బిల్లు మీద తప్ప అది ఎక్కడా వాడుకలో లేదు. అందరికీ ఆయన మైకాయన. పెళ్ళిళ్ళకీ సభలకీ బడుల్లో వార్షికోత్సవాలకీ మైకుసెట్టు అద్దెకిచ్చే మనిషి. ఎవరైనా మైకు ముందుకొచ్చి గొంతు సవరించుకుంటే చాలు, ఈయన రెండు మాటల్లో ముగిస్తాడా, జనాన్ని కూర్చోబెట్టి కాల్చుకు తింటాడా అన్నది వెనకాల నుంచే చెప్పేసేవాడు. మనిషి మొహం గుర్తుండేది కాదు. గొంతు వింటే మాత్రం పదేళ్ళ కిందటి పెళ్ళిలో మగపెళ్ళివారి తరఫున అలిగిన బాబాయ్ ఎవరో ఇట్టే పట్టేసేవాడు.

ఈ విద్య ఆయనకి బళ్ళో రాలేదు. కుర్రతనంలో బ్యాటరీలు బాగుచేసే ఒక ముసలాయన దగ్గర చేరాడు. ఆ గురువు తిట్లు తప్ప పెద్దగా నేర్పింది లేదు. నేర్పిన ఒక్క ముక్కా ఇది:

"మైకు కీచుమన్నా జనం ఊరుకుంటారురా. మూగబోతే మాత్రం ఊరుకోరు. మాట్లాడేవాడి వైపు చూడటం మానేసి నీ వైపు చూస్తారు. ఆ చూపు పడిందా, నీ తిండి పోయినట్టే."

ఒక పెళ్ళిలో తీగ ఊడి చప్పుడు ఆగిపోయినప్పుడు ఆ చూపు నిజంగానే పడింది. మండపం మండపమంతా తలలు తిప్పింది. గురువు మొట్టిన మొట్టికాయ కన్నా ఆ తలలే ఎక్కువ నొప్పెట్టాయి. అప్పటినుంచి మైకాయనకి నిశ్శబ్దం అంటే ఎక్కడో ఏదో ఊడిందని అర్థం. వక్త మాట మరిచిపోయి తడుముకుంటే చిన్న సన్నాయి ముక్క వేసి ఖాళీ పూడ్చేవాడు. ఇంట్లో కూడా రేడియో ఏదో ఒకటి గొణుగుతూనే ఉండాలి.

"ఇల్లు కాస్త సద్దుమణిగితే మీకు జ్వరమొచ్చినట్టుంటుంది," అనేది భార్య. "పెళ్ళినాడు నేనేదో అన్నాను మీ చెవిలో. మీ మైకు గోలలో పడి ఇప్పటిదాకా వినపడలేదు."

"ఏమన్నావే?"

"ఇప్పుడు చెప్పను. అప్పుడు వినాల్సింది."

తరవాత తరవాత మనిషెత్తు స్పీకర్లు లారీల మీద ఊరేగడం మొదలయ్యాక ఆయన బూరాలని అడిగేవాళ్ళు తగ్గిపోయారు. ఊరికే కూర్చోలేక పాత కంప్యూటరు ఒకటి కొనుక్కుని, రికార్డు చేసిన గొంతుల్ని కోయడం, అతకడం నేర్చుకున్నాడు. ఎవరూ చెప్పలేదు. చెడగొట్టి చెడగొట్టి నేర్చుకున్నాడు. దగ్గులు తీసేయడం, నత్తి తగ్గించడం, ఆగిన చోట్ల దగ్గరికి జరపడం. దాన్ని ఆయన 'కోత' అనేవాడు. ఆయన కోసిన గొంతు విన్నవాళ్ళు తమ గొంతు ఇంత బాగుంటుందని తమకే తెలియదనేవాళ్ళు.

అలాంటి రోజుల్లో ఒక పంతులమ్మ కొట్టుకొచ్చింది. ఉద్యోగం నుంచి దిగిపోయాక ఆడవాళ్ళ జైలుకెళ్ళి అక్కడివాళ్ళకి చదువు చెబుతోంది. వాళ్ళ చేత కథలు కట్టిస్తోంది, బొమ్మలు వేయిస్తోంది. కథల్ని కాగితాల మీద రాయించి బయటివాళ్ళకి ఇచ్చి చూసింది.

"అందరూ అక్షరదోషాలు దిద్ది నాకే తిరిగిచ్చారు మైకాయనా," అంది. "అదే గొంతు వింటే మనిషిని వింటారని నా ఆశ. మీరొచ్చి రికార్డు చేసిపెట్టండి. ఒకరోజు హాల్లో అందరికీ వినిపిద్దాం. తరవాత ఎవరి కథ వాళ్ళింటికి పంపిద్దాం."

ఆయన సరేనన్నాడు. భార్య మాత్రం, "జైల్లో కూడా మైకేనా! బయటివాళ్ళ చెవులు అయిపోయాయా?" అంటూనే సంచీలో మంచినీళ్ళ సీసా పెట్టింది.

జైలు గ్రంథాలయం అంటే ఒక గది, రెండు బీరువాలు, ఒక బల్ల. ఎండ పడినంత మేర నేల వెలిసిపోయి ఉంది. బయట ఎక్కడో ఇనప గేటు పడుతూ లేస్తూ ఉంటుంది. తలుపు దగ్గర కుర్చీ వేసుకుని వార్డరమ్మ, ఆవిడ నడుముకి తాళాలగుత్తి. ఆవిడ కదిలినప్పుడల్లా అది గలగలమంటుంది. మైకాయన మొదటిరోజే ఆ గుత్తికి చేతిరుమాలు చుట్టమని బతిమాలాడు. "నా ఉద్యోగానికి కూడా సైలెన్సరు పెడతావా?" అని నవ్వి, చుట్టుకుంది.

ఒక్కొక్కరే వచ్చి బల్ల ముందు కూర్చుని చెప్పేవాళ్ళు. ఒకావిడ తన బర్రె గురించి పాట కట్టింది. దొంగతనం చేయడానికి వెళ్ళిన ఇంట్లో పసిపిల్ల ఏడుస్తుంటే ఊయల ఊపి వచ్చేసిన దొంగ కథ ఒకావిడ చెబితే, వార్డరమ్మే అందరికన్నా ముందు కళ్ళు తుడుచుకుంది. ఎవరు ఏం చేసి లోపలికొచ్చారో అడగొద్దని పంతులమ్మ ముందే చెప్పింది. ఆయన అడగలేదు. చెవులున్నవాడికి తెలియకుండా పోదు గానీ, తెలిసిన ముక్కని విన్నచోటే వదిలేసి వచ్చేవాడు.

చివర్లో ఒక అమ్మాయి వచ్చింది. సన్నటి గొంతు. కూతురి కోసం కథ చెబుతానంది. మైకు వైపు చూడలేదు, పంతులమ్మ వైపు చూడలేదు. తన ఎడమ మోకాలి పక్కన, బెంచీ మీద ఖాళీగా ఉన్న చోటు వైపు చూస్తూ మొదలుపెట్టింది.

"అనగనగా ఒక ఇల్లు."

ఆగింది. మైకాయన చెవుల్లో గేటు పడిన చప్పుడు దూరంగా.

"ఆ ఇంటికి ఒక తలుపు."

మళ్ళీ ఆగింది.

"ఆ తలుపుకి పొద్దస్తమానం ఒకటే పని. తెరుచుకోవడం, మూసుకోవడం."

మళ్ళీ. పాపం బెదిరిందేమోనని మైకాయన చేత్తో 'కానియ్, కానియ్' అని సైగ చేశాడు. ఆమె చూడలేదు. ప్రతి మాటకీ ఊపిరి బిగబట్టి కాసేపు ఊరుకుని, తరవాత మాటకి పోతోంది. కథ మాత్రం ఆయన అంతకుముందు విన్నది కాదు. తలుపుకి ఒకరోజు విసుగొస్తుంది. 'ఎప్పుడూ మీరే బయటికి పోతారు, నన్నొక్కనాడైనా తీసుకెళ్ళారా?' అని అలిగి, బందులు ఊడదీసుకుని, కిర్రుకిర్రుమని నడుచుకుంటూ షికారు పోతుంది. బజార్లో కాసేపు నిలబడదామంటే నిలబడనివ్వరు. తలుపు కనిపిస్తే తట్టడమే జనానికి అలవాటు. పాలవాడు తడతాడు, పోస్టుమాను తడతాడు. 'నా వెనకాల ఎవరూ లేరయ్యా బాబూ!' అని మొత్తుకుంటుంది తలుపు. చివరికి కాళ్ళు నొప్పెట్టి ఇంటికొచ్చేసరికి, ఆ ఇంటి పాప చేతులు రెండూ బారజాపి గుమ్మంలో నిలబడి ఉంటుంది.

'ఏం చేస్తున్నావే?' అంటుంది తలుపు.

'నువ్వొచ్చేదాకా నేనే తలుపుని,' అంటుంది పాప.

కథ అయ్యాక ఆ అమ్మాయి మొదటిసారి తలెత్తింది. "ఎలా వచ్చింది బాబాయ్?"

"కథ బంగారం. కాకపోతే మాటమాటకీ ఆగిపోతున్నావు తల్లీ. ఫర్వాలేదులే, నేను సరిచేస్తాగా."

ఆమె ఏదో చెప్పబోయింది. అంతలో ఖైదీల్ని లెక్కకి పిలిచే ఈల పడింది. వార్డరమ్మ లేచింది, తాళాలు రుమాల్లోనే గలగలమన్నాయి, ఆమె వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి ఆయన కోతకి కూర్చున్నాడు. ఆ సన్నగొంతు మీద ఆయనకి ఎక్కడలేని మమకారం పుట్టింది. ఒక్కొక్క ఖాళీనీ వెతికి వెతికి తీసేశాడు. మాటకి మాటని ఎంత నున్నగా అతికాడంటే కత్తి పడిన జాడ కూడా లేదు. చేతులు కడుక్కున్నంత అలవాటుగా రికార్డింగు మిషన్లోని కార్డు తుడిచేశాడు, కంప్యూటర్లో పాతదాని మీదే కొత్తది దాచేశాడు. పని అయ్యాక ముడిసరుకు ఉంచుకోవడం ఆయనకి మొదటినుంచీ అలవాటు లేదు.

హాల్లో విన్నవాళ్ళు పాలవాడి దగ్గర పగలబడి నవ్వారు, పాప దగ్గర ముక్కులు ఎగబీల్చారు. ఒక పెద్దాయన వెతుక్కుంటూ వచ్చి మైకాయన చెయ్యి పట్టుకున్నాడు. "ఎవరండీ ఆ అమ్మాయి? ఎక్కడా ఆగకుండా, గుక్క తిప్పుకోకుండా ఏం చెప్పిందండీ!"

మైకాయన ఆ రాత్రి అన్నం రెండోసారి పెట్టించుకున్నాడు.

ఆ అమ్మాయి తాలూకువాళ్ళు హాలుకి రాలేదు. అందుకని కథని చిన్న పాటల పెట్టెలో ఎక్కించి ఆయనే పట్టుకెళ్ళాడు. పిల్లని పెంచుతున్నది పెద్దమ్మ. ఇస్త్రీ కొట్టు. ముందు గదిలో బల్లా ఇస్త్రీపెట్టే, వెనక గదిలో కాపురం. రెండు గదుల్లోనూ ఊరివాళ్ళ బట్టల మూటలు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని పిల్లని అందరూ గింజ అంటారు. బడికి పోవడం ఆ ఏడే మొదలుపెట్టింది.

"ఒక్కసారి తీసుకెళ్ళాను బాబాయ్," అంది పెద్దమ్మ. "ఆ గేటు చూసి వారం పాటు జ్వరం. ఇంక తీసుకురావొద్దని మా చెల్లే ఒట్టేయించుకుంది. ఫోనొస్తే మాట్లాడమంటే నోట్లో వేలు పెట్టుకుని నిలబడుతుంది. అమ్మ కథ వస్తోందని చెప్పినప్పటినుంచీ మాత్రం నా ప్రాణం తీస్తోంది."

గింజ దుప్పట్ల మూట మీదికెక్కి, పెట్టెని ఒళ్ళో పెట్టుకుని సర్దుకుని కూర్చుంది. మైకాయన మీట నొక్కాడు.

"అనగనగా ఒక ఇల్లు."

"ఊఁ," అంది గింజ.

ఆ 'ఊఁ' నోట్లో ఉండగానే, "ఆ ఇంటికి ఒక తలుపు," అంది అమ్మ.

"ఊఁ," అంది గింజ గబుక్కున. అప్పటికే అమ్మ తెరుచుకోవడం, మూసుకోవడం దాకా వెళ్ళిపోయింది. పిల్ల మొహంలో గాభరా. ఈసారి మాట పూర్తికాకముందే అనేసింది. అయినా అందలేదు. పెట్టెని మొహం దగ్గరికి తీసుకుని, పెదాలు ఆనించి, గట్టిగా "ఊఁ!" అంది. అమ్మ తన మానాన తాను చెప్పుకుపోతోంది.

"పెద్దమ్మా, అమ్మ ఆగట్లేదు."

"పెట్టెలో అమ్మే గింజా. నువ్వు విను చాలు."

"ఎప్పుడూ ఆగేదిగా! నేను ఊఁ అంటేనే చెప్పేదిగా!" పిల్ల పెట్టెని గుండెలకి హత్తుకుంది. "నామీద కోపం వచ్చిందా?"

మైకాయనకి బెంచీ మీద ఖాళీ చోటు గుర్తొచ్చింది. ఆ అమ్మాయి బెదరలేదు. మరిచిపోలేదు. పక్కన కూర్చోబెట్టుకున్న కూతురు ఊఁ కొట్టడానికి చోటు వదిలింది, మాట మాటకీ. ఆ చోటంతా ఆయన ఏరి ఏరి తుడిచేశాడు.

"కోపం కాదు తల్లీ. తప్పు నాది. నేను సరిచేసి తెస్తా," అన్నాడు. పిల్ల ఆయన వైపు చూడలేదు. ఈ ముసలాయనకీ అమ్మ ఆగకపోవడానికీ ఏం సంబంధమో దానికి ఎలా అర్థమవుతుంది?

ఇంటికొచ్చి కంప్యూటరంతా గాలించాడు. లేదు. కార్డు మీద అప్పటికే ఎవరిదో సన్మానసభ ఎక్కి ఉంది. భార్య కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. ఎత్తిపొడుపు మాట ఒక్కటీ అనలేదు.

"పోయింది ఖాళీయేగా. ఖాళీయే మళ్ళీ పెట్టెయ్యండి," అంది.

నిజమే కదా అనిపించింది. మాటకీ మాటకీ మధ్య కత్తెర పెట్టి, విడదీసి, ఊఁ కొట్టేంత చోటు ఇచ్చాడు. మర్నాడే పట్టుకెళ్ళాడు. గింజ మొదటి ఖాళీలో ఊఁ అంది. అమ్మ ఆగింది. పిల్ల మొహం విచ్చుకుంది. రెండో ఖాళీలోనూ అంది. మూడో దాంట్లో పెట్టెని తిరగేసి వెనకవైపు చూసింది. చెవి ఆనించింది.

"ఇక్కడ అమ్మ లేదు," అంది.

"ఎక్కడమ్మా?"

"మాట అయిపోగానే వెళ్ళిపోతోంది. మళ్ళీ మాటకి వస్తోంది." పెట్టెని ఆయన చేతికిచ్చేసింది. "నాకు మొదటిదే ఇవ్వండి తాతా. అందులో ఆగదు గానీ, ఉంటుంది."

పిల్ల చెప్పింది అక్షరాలా నిజమని ఆయనకి తెలుసు. తాను పెట్టింది ఉత్త గుంట. అందులో గది లేదు, గేటు లేదు, చెవి రిక్కించి ఊపిరి బిగబట్టిన మనిషి లేదు. ఇంతకాలం ఖాళీ అంతా ఒకటేననుకున్నాడు. పెట్టెలో మొదటిదే మళ్ళీ ఎక్కించి ఇచ్చాడు.

మళ్ళీ జైలుకెళ్ళి ఆ కథ మళ్ళీ చెప్పించుకోవాలి. అదొక్కటే దారి. అయితే ఈలోపు పాత అధికారి బదిలీ అయ్యాడు. కొత్తాయన, జరిగిన కార్యక్రమం గురించి వివరం ఇస్తే గానీ కొత్తదానికి ఒప్పుకోనన్నాడు. పంతులమ్మ వివరం ఇచ్చింది. అది పైకి వెళ్ళింది. పైన ఎక్కడో కూర్చుంది. చలికాలం పోయి ఎండలు ముదిరాయి. మైకాయన వారానికోసారి పంతులమ్మ ఇంటి గుమ్మంలో నిలబడేవాడు. ఇస్త్రీ కొట్టు దారిన మాత్రం పోయేవాడు కాదు.

నెలకోసారి రికార్డింగుకి అనుమతి వచ్చింది. మళ్ళీ జైలుకెళ్ళిన రోజున ఆయన మైకు బిగించకముందే విషయం చెప్పేశాడు. ఆ అమ్మాయి తిట్టలేదు, ఏడవలేదు.

"ఊఁ అందా?" అంది.

"అంది తల్లీ. మొదటి మాటకే అంది."

"ఎలా అంది? సాగదీసిందా, తెంచేసిందా?"

"మొదటిది కాస్త సాగదీసింది. తరవాత తరవాత తెంచేసింది, నిన్ను అందుకుందామని."

ఆమె పెదవి పంటితో పట్టుకుని తల ఊపింది. "ఆ రోజే చెబుదామనుకున్నా బాబాయ్, వాటిని తీయొద్దని. ఈల పడింది."

మళ్ళీ అదే కథ చెప్పింది, అదే ఖాళీ చోటు వైపు చూస్తూ. మైకాయన సైగలు చేయలేదు. ఆమె ఆగిన చోటల్లా తానే ఎక్కడ ఊఁ అనేస్తానోనని రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. చెవుల్లో ఆమె ఎదురుచూడటం వినిపించింది. ఎదురుచూడటానికి కూడా చప్పుడుంటుందని ఆయనకి అరవై దాటాక తెలిసింది.

లేస్తూ ఆమె ఒక్కటే అడిగింది. "అది వినేటప్పుడు మీ మిషన్ ఆన్‌లో ఉంచండి బాబాయ్. దాని ఊఁలు నాకు తెచ్చిపెట్టండి. ఇంకేం వద్దు."

వార్డరమ్మ అటు తిరిగి కిటికీ చూస్తూ, "వచ్చే నెల రికార్డింగుకి వచ్చినప్పుడు వినిపించు మైకాయనా. మిషన్ ఎలాగూ తెస్తావు," అంది. "నేనేం వినలేదు."

ఇస్త్రీ కొట్టులో గింజ కాస్త పొడుగైంది. పాటల పెట్టె ఒక మూల సొట్ట పడి ఉంది.

"రోజూ అదే," అంది పెద్దమ్మ. "పడుకునే ముందు అది మోగకపోతే కన్ను మూయదు."

మైకాయన కొత్త కథ ఎక్కించి, తన మిషన్ ఆన్ చేసి మూటల మధ్య పెట్టాడు. గింజ పెట్టె ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"అనగనగా ఒక ఇల్లు."

అమ్మ ఆగింది. గింజ కళ్ళు పెద్దవయ్యాయి. నోరు మాత్రం మెదపలేదు.

"ఆ ఇంటికి ఒక తలుపు."

అమ్మ ఆగింది. గింజ పెదాలు బిగించింది. పెద్దమ్మ ఉండబట్టలేక, "అనవే, ఊఁ అనవే," అని గుసగుసలాడింది. గింజ తల అడ్డంగా ఊపి, పెదాల మీద వేలు పెట్టి పెద్దమ్మనే కసిరింది. మైకాయన గోడకి జారగిలబడ్డాడు. పాలవాడు తట్టాడు, అమ్మ ఆగింది. పోస్టుమాను తట్టాడు, అమ్మ ఆగింది. నవ్వొస్తే రెండు చేతులతోనూ నోరు మూసుకుంది పిల్ల. ప్రతిసారీ అమ్మ కాసేపు చూసి, ఎవరూ పలకకపోతే, తనంతట తానే ముందుకి వెళ్ళింది. కథ చివరిదాకా అంతే.

అంతా అయ్యాక గింజ ఒక్కసారి ఊపిరి వదిలింది.

"చూశావా పెద్దమ్మా! ఒక్కసారి కూడా అడ్డురాలేదు నేను. అందుకే అమ్మ ఎంత నెమ్మదిగా చెప్పిందో! ఇంతకుముందు నేను మాట్లాడుతుంటేనే తొందరపడి వెళ్ళిపోయేది."

పెద్దమ్మ, "కాదే పిచ్చిదానా..." అని మొదలుపెట్టి, పిల్ల మొహం చూసి ఆగిపోయింది. ముందు గదిలోకెళ్ళి అప్పటికే ఇస్త్రీ అయిన చొక్కాని మళ్ళీ విప్పి రుద్దడం మొదలుపెట్టింది.

"ఒక్కసారి నాకోసం ఊఁ అను తల్లీ," అన్నాడు మైకాయన.

"ఊఁ," అంది గింజ, అడిగారు కాబట్టి.

ఆ ఒక్క ఊఁ చాలు. కోత వచ్చినవాడికి దాన్ని సాగదీసి కొన్ని, తెంచి కొన్ని చేసి, అన్ని ఖాళీల్లోనూ అతకడం ఎంతసేపు? ఇంటికెళ్ళి అతికాడు కూడా. వింటే అచ్చంగా తల్లీకూతుళ్ళు ఒకే మంచం మీద ఉన్నట్టే ఉంది. భార్య వంటింట్లోంచి తొంగిచూసి, "పాప ఊఁ అందా!" అంది సంబరంగా. ఆ సంబరం చూసి ఆయన అతికినవన్నీ తీసేశాడు. ఉన్నది ఉన్నట్టే తీసుకెళ్ళాడు.

ఆ అమ్మాయి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి మీట నొక్కాడు. తన గొంతు తనకి దూరంగా, చిన్న పెట్టెలోంచి వినిపిస్తుంటే మొదట నవ్వింది. మొదటి ఖాళీ వచ్చింది. కళ్ళు మూసుకుంది.

"ఊపిరి," అంది. "జలుబు చేసిందా దానికి?"

రెండో ఖాళీ. మూడోది. ఆమె వేళ్ళు హెడ్‌ఫోన్లని చెవులకి అదుముకున్నాయి. పెద్దమ్మ గుసగుస వచ్చిన చోట కనుబొమలు ముడిపడ్డాయి. ఆ తరవాత కదలలేదు. కథ అయిపోయాక గింజ మాటలు వచ్చి ఉండాలి. ఆమె వేలితో మళ్ళీ పెట్టమని చూపించింది. ఆయన ఆ మాటల దగ్గరికి వెనక్కి తిప్పాడు. మళ్ళీ చూపించింది. మళ్ళీ తిప్పాడు.

హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

"మంచి పిల్లయిపోయింది," అంది. "ఎప్పుడూ మధ్యలో దూరేది. తలుపుకి చెప్పులుంటాయా అని, బందుల్ని ఎక్కడ పెట్టుకుందని. ఊఁతో పాటు ఒక ప్రశ్న."

"నువ్వు చెప్పు తల్లీ దానికి," అన్నాడు మైకాయన. "ఇప్పుడే, ఇందులోనే చెప్పు. ఊఁ అనమని, అంటేనే నీకిష్టమని. నీ నోటితో చెబితే వింటుంది. ఇదంతా నావల్ల..."

"వద్దు బాబాయ్."

"ఎందుకమ్మా?"

"కష్టపడి నేర్చుకుంది. నాకోసమే నేర్చుకుంది. అది తప్పని నేనెలా చెప్పను?" హెడ్‌ఫోన్ల తీగని చుట్టి పక్కన పెట్టింది. "ఇంకోటి. ఊఁ అనమంటే, నేను వింటున్నానని అనుకుంటుంది. ఏదో ఒకరోజు, వినట్లేదని మళ్ళీ తెలుస్తుంది. ఒకసారి తెలిసింది చాలు దానికి. బాగా విన్నావని, ఒక్కసారి కూడా అడ్డురాలేదని అమ్మ మెచ్చుకుందని చెప్పండి."

ఆయన తల ఊపాడు. ఏ మొహంతో చెబుతాడో ఆయనకే తెలియదు.

"ఇంకో కథ తీసుకుంటారా?" అంది.

మైకు దగ్గరికి జరిగింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. ఈసారి బెంచీ మీద పక్కచోటు వైపు చూడలేదు. ఎదురుగా గోడ వైపు చూస్తూ ఒక నది గురించి మొదలుపెట్టింది. పడుకోవడం చేతకాని నది. చెప్పుకుంటూ పోయింది. మాట వెనక మాట. గేటు పడిందేమో, లేచిందేమో, మైకాయన చెవుల్లోకి రావడానికి సందు లేదు. నది కొండ దిగింది, వంతెనల కింద దూరింది, ఎక్కడ ఆగమన్నా నాకు ఆగడం రాదంది. ఆమె గుక్క తిప్పుకోలేదు. మైకాయన ఆమె మోకాలి వైపు చూస్తూ, ఒక్కచోట, ఒక్కచోటైనా ఆగుతుందేమోనని ఎదురుచూశాడు. కథ అయిపోయింది.

ఆమె లేచి, కొంగు సర్దుకుని, వార్డరమ్మతో పాటు తలుపు దాకా నడిచింది. వెనక్కి తిరగలేదు. బల్ల మీద మిషన్ నడుస్తూనే ఉంది.

పక్కగదిలో ఇంకో వార్డరుకి ఆమెని అప్పజెప్పి వార్డరమ్మ వెనక్కొచ్చింది. మిషన్ మీద ఎర్రదీపం చూసి, "ఆపవా మైకాయనా?" అంది.

"ఉండనీ అమ్మా, కాసేపు," అన్నాడు, బెంచీ మీద ఆ ఖాళీ చోటు వైపు చూస్తూ.